అల్లిక సూచనలను చదువుట ఎట్లు?

ఊలు అల్లిక నేర్చుకొనదలచినవారు మొదట సూదులకు భయపడుదురు. ఆ భయము నాలుగైదు దినములకు మించి నిలువదు. పిన్నిగారో, పొరుగింటి అత్తయ్యగారో ప్రక్కన కూర్చుండి చేయి పట్టి చూపినచో వ్రేళ్లు వాటంతటవే దారిన పడును. ఆ తరువాత వచ్చునది వేరొక భయము. అది కాగితపు భయము. ఊలుతో పాటు వచ్చిన మడత కాగితమును విప్పి చూడగానే “కె 2, పి 2, నక్షత్రపు గుర్తు, రెప్” అని అక్షరములును అంకెలును చీమలబారువలె కనబడును. ఇది ఇంగ్లీషా, ఎక్కాల పుస్తకమా, వైద్యుడు వ్రాసిన మందుచీటీయా అని సందేహము కలుగును. సూదులు చక్కగా ఆడింపనేర్చినవారు సైతము అనేకులు ఈ గుమ్మము కడనే ఆగిపోవుదురు. “మాకు ఇంగ్లీషు రాదండీ, మఫ్లరు అల్లుకుంటే చాలు” అని ఏండ్ల తరబడి మఫ్లరులే అల్లుచున్న ఇల్లాండ్రను మేము ఎరుగుదుము. వారి మనుమనికి స్వెట్టరు అల్లవలెనను కోరిక వారికి లేకపోలేదు. ఆ కాగితము తమవంటివారికి కాదని వారు నిశ్చయించుకొన్నారు, అంతియే.

అసలు సంగతి యేమనగా, అది ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషున పట్టము పుచ్చుకొన్న అమ్మాయి కూడ ఆ కాగితము ముందు మనవలెనే తెల్లబోవును. అది సంకేత లిపి. సంకేతములు మనకు క్రొత్తవా? ఉత్పలమాలకు గణములేవి యని అడిగిన, బడిలో చదివిన వారెవ్వరైనను భ, ర, న, భ, భ, ర, వ అని చెప్పుదురు. ఏడక్షరములలో ఇరువది అక్షరముల పాదము ఇమిడిపోయినది. ఆ గణములను విప్పిచూచిన అన్నియు గురువులు, లఘువులు. ఆ రెండే, మూడవది లేదు. అంతయేల, మనము దినమును పలుకు అచ్చు, హల్లు అను మాటలే సంకేతములు. ‘అ’ మొదలు చకారపు గుర్తు వరకు అచ్చు. ‘హ’ మొదలు లకారపు గుర్తు వరకు హల్లు. ఇక ధనుర్మాసమున వాకిట ముగ్గు వేయు పిల్లను పిలిచి “పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు” అనిన చాలును. నేల మీద ఎన్ని వరుసలు రావలెనో, ఏ వరుసకు ఎన్ని తగ్గవలెనో ఆమె అడుగదు. అంతటి లెక్క తెలిసిన చేతికి స్వెట్టరు కాగితము తెలియక పోదు.

అల్లికలోను ఛందస్సులో వలెనే రెండే ప్రాణములు. నిట్టు అనునది ఒకటి, పర్లు అనునది రెండవది. వీనిని మేము ఈ ప్రసంగమున సూటి కుట్టు, తిరుగు కుట్టు అని పిలుతుము. సూటి కుట్టునకు దారమును వెనుక నుంచి, సూదిమొనను ముందునుండి వెనుకకు పోనిచ్చి ఉచ్చును లాగుదుము. తిరుగు కుట్టునకు దారమును ముందు నుంచి, సూదిమొనను వెనుకనుండి ముందునకు తెత్తుము. కాగితమున కనబడు ‘కె’ యనునది సూటి కుట్టు, ‘పి’ యనునది తిరుగు కుట్టు. ప్రక్కనున్న అంకె ఎన్ని కుట్లో తెలుపును. ‘కె 2, పి 2’ అనగా రెండు సూటి, రెండు తిరుగు. అంతకు మించి ఏమియు లేదు.

ఇచ్చట ఒక్క నిజమును గట్టిగా పట్టుకొనవలెను. ఇది పట్టుబడిన తరువాత తక్కినదంతయు సులభము. సూటి కుట్టును వెనుకనుండి చూచిన అదే తిరుగు కుట్టు. అవి రెండు వేరు వేరు కుట్లు కావు, ఒకే కుట్టునకు ముఖమును వీపును. ముఖము వైపు చూచిన ప్రతి కుట్టును చిన్న వేపాకు జంటవలె క్రిందకు మొన తిరిగి కనబడును. వీపు వైపు అడ్డముగా చిన్న గింజవలె ఉబ్బి కనబడును. రెండు వైపులను సూటి కుట్టే వేయుచు పోయిన, ఒక వరుస ఆకులు, ఒక వరుస గింజలు వచ్చి గట్లు గట్లుగా దళసరి గుడ్డ అగును. దానిని గార్టరు కుట్టు అందురు. ముఖము వైపు సూటి, వీపు వైపు తిరుగు వేసిన, ముఖమంతయు ఆకులే కనబడు నున్నని గుడ్డ అగును. అది స్టాకింగు కుట్టు. బజారులో కొను స్వెట్టరులో మనము చూచునది మిక్కిలిగా ఇదియే.

తక్కిన సంకేతములు పదునైదుకు మించి మొదట అక్కరలేదు. ‘ఎస్.టి.’ అనగా కుట్టు. ‘ఆర్.ఎస్.’ ముఖము వైపు, ‘డబ్ల్యు.ఎస్.’ వీపు వైపు. ‘బెగ్’ మొదలు, ‘రెప్’ మరల చేయుము, ‘ఆల్ట్’ ఒకటి విడిచి ఒకటి, ‘ఇంక్’ పెంచుము, ‘డెక్’ తగ్గించుము. ‘కె 2 టాగ్’ అనగా రెండు కుట్లను కలిపి ఒకే సూటి కుట్టుగా వేయుట. ‘ఎస్.ఎల్. 1, కె 1, పి.ఎస్.ఎస్.ఓ.’ అను పొడుగాటి మాట మిక్కిలి బెదరించును గాని, దాని పనియు కుట్టు తగ్గించుటయే: ఒక కుట్టును అల్లక ప్రక్క సూదికి జారవిడిచి, తరువాతి దానిని అల్లి, జారవిడిచిన దానిని దాని తల మీదుగా దాటించుట. ఒకే పనికి రెండు విధము లేల యని అడుగవచ్చును. మొదటిది కుడివైపునకు వాలును, రెండవది ఎడమవైపునకు వాలును. మెడకు ఇరుప్రక్కల ఈ రెండింటిని చెరియొక వైపు వాడిననే గదా గళము సమముగా దిద్దినట్లుండును! ‘వై.ఓ.’ అనగా దారమును సూది మీదుగా ఒక చుట్టు వేయుట. దానివలన ఒక కుట్టు పెరుగును, ఒక చిల్లు పడును. చిల్లుల అల్లికలో ఈ ‘వై.ఓ.’ ప్రక్కనే ‘కె 2 టాగ్’ ఉండుట కలదు. ఒకచోట పెరిగినది, మరియొకచోట తగ్గినది. వరుసలో మొత్తము మారదు.

ఈ సంకేతములు ఏ రాజశాసనము వలనను పుట్టలేదు. 1840లో ఎడింబరో నగరమున జేన్ గొగేన్ అను నామె ప్రకటించిన అల్లిక పుస్తకమున ఆమె తనకు తోచిన అక్షర సంకేతములను వాడినది. అటుపిమ్మట వ్రాసినవారు తమ తమ సంకేతములను తాము కల్పించుకొన్నారు. ఇప్పటికిని అన్ని పుస్తకములకు ఏకవాక్యత లేదు. కావున ఏ కాగితమునందైనను మొదట చూడవలసినది బొమ్మ కాదు, సంకేతముల పట్టిక. మేము చూచినంతవరకు క్రొత్తవారందరును మొదట బొమ్మలోని బిడ్డను చూచి మురిసి, పట్టికను తుదకు, చిక్కు పడిన తరువాత చూచుట వాడుక.

మన నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల లేసుపని ఎరిగిన సోదరీమణులు ఈ సంగతిని మరింత జాగ్రత్తగా వినవలెను. వారిది ఒంటి కొక్కెపు అల్లిక, క్రోషే. అందు బ్రిటిషు కాగితము ‘డబుల్’ అని పిలుచు కుట్టునే అమెరికా కాగితము ‘సింగిల్’ అని పిలుచును. కుట్టు ఒకటే, పేర్లు రెండు. కాగితము ఏ దేశమున అచ్చయినదో చూడక మొదలిడినచో ఎంతటి పనివారైనను తప్పుదారి పట్టుదురు.

ఇక ఒక వరుసను పట్టి చదువుదము. స్వెట్టరు అంచునకు సాగెడి పట్టీ యొకటి కావలెను. కాగితమిట్లు చెప్పునని అనుకొందము: “22 కుట్లు వేయుము. మొదటి వరుస, ముఖము వైపు: కె 2, నక్షత్రము, పి 2, కె 2, నక్షత్రము నుండి చివరివరకు రెప్. రెండవ వరుస: పి 2, నక్షత్రము, కె 2, పి 2, నక్షత్రము నుండి చివరివరకు రెప్.” నక్షత్రపు గుర్తు అనునది పాటలో పల్లవి వంటిది. చరణము ముగియగానే మరల ఎచ్చటికి రావలెనో అది చూపును. నక్షత్రమునకు ముందున్న ‘కె 2’ ఒక్క మారే. దాని తరువాతి నాలుగు కుట్లు పలుమారులు. లెక్క చూడుడు: ముందు 2, తరువాత నాలుగేసి చొప్పున 5 మారులు 20, మొత్తము 22. సరిపోయినది. ఇట్టి చోట కాగితముపై “4 యొక్క గుణిజము, అదనముగా 2” అని యుండును. పట్టీ మరికొంత వెడల్పు కావలెనన్న 26 వేయవచ్చును, 30 వేయవచ్చును. 24 వేసిన మాత్రము చివర రెండు కుట్లు దిక్కులేక నిలుచును.

రెండవ వరుస చదువునపుడు క్రొత్తవారికి ఒక అనుమానము పుట్టును. మొదటి వరుస ‘కె’ తో మొదలయినది, రెండవది ‘పి’ తో ఏల మొదలుకావలెను? అచ్చు తప్పేమో యని తలంచి ‘కె’ తోనే మొదలుపెట్టినవారు కలరు. పైన చెప్పిన ముఖము, వీపు సంగతి ఇచ్చట పనికి వచ్చును. మొదటి వరుస చివర రెండు సూటి కుట్లు వేసితిమి. గుడ్డను త్రిప్పగానే ఆ రెండే ముందు వచ్చును. ఇప్పుడు మనకు కనబడునది వాని వీపు, అనగా గింజలు. గింజ కనబడినచోట తిరుగు, ఆకు కనబడినచోట సూటి వేయుచు పోయిన నిలువు చాళ్లు ఏర్పడి పట్టీ రబ్బరువలె సాగును. ‘కె’ తో మొదలుపెట్టినవారికి చాళ్లు రావు. గట్టులు వచ్చును, పట్టీ సాగదు. ఈ ఒక్క ఉపాయము తెలిసినవారు రెండవ వరుస నుండి కాగితము చూడనక్కరలేదు. గుడ్డయే చెప్పును.

మేము ముఖ్యముగా చెప్పవచ్చినది ఇదియే. కాగితమును గుడ్డను ఎదురెదురుగా పెట్టి చదువవలెను. కాగితము చెప్పినది గుడ్డలో కనబడుచున్నదా, గుడ్డలో వచ్చినది కాగితమున ఉన్నదా అని ప్రతి వరుస చివరను ఒక్క చూపు చూడవలెను. కాగితమును వేదవాక్యమువలె పట్టుకొని కన్నులు మూసికొని అల్లువారు మోసపోవుదురు. కాగితమును బొత్తిగా నమ్మక చేతివాటమున పోవువారును మోసపోవుదురు.

ఇందుకు కాగితమే ఒక సాక్షిని ఇచ్చును. కొన్ని వరుసల చివర “60 కుట్లు” అని కుండలీకరణమున ఉండును. చాలమంది దానిని అలంకారమని దాటిపోవుదురు. అది పద్దుపుస్తకములోని నిలువ వంటిది. చంక భాగమున ఇట్లుండునని అనుకొందము: “82 కుట్లున్నవి. తరువాతి వరుసయందును, అటుపై ఒకటి విడిచి ఒక వరుసయందును, రెండు కొసలను ఒక్కొక్క కుట్టు తగ్గింపుము. 60 కుట్లు మిగులు వరకు.” సూదులు పట్టుటకు ముందే పెన్సిలు పట్టవలెను. 82 నుండి 60 తీసివేయగా 22. ఒక వరుసకు రెండు తగ్గును గనుక తగ్గించు వరుసలు 11. వాని నడుమ ఊరక అల్లు వరుసలు 10. మొత్తము 21 వరుసలు. ఈ లెక్క కాగితపు అంచున వ్రాసికొని, ఒక్కొక్క వరుస ముగియగానే గీత గీసికొనుచు పోవలెను. పాలవానికి గోడ మీద పెట్టు గీతలవలె. మధ్యలో బిడ్డ ఏడ్చినను, పాలు పొంగినను, లేచి వచ్చిన తరువాత ఎచ్చట ఆగితిమో వెదకుకొనవలసిన పని యుండదు.

కొలతల సంగతి ఒక్క మాట. “82 (88, 94)” అని యున్నచో మూడు కొలతల స్వెట్టరులను ఒకే కాగితమున ఇమిడ్చినారని అర్థము. మనకు రెండవ కొలత కావలెనన్న, కాగితము మొదటినుండి చివరివరకు అన్ని చోట్లను రెండవ అంకె చుట్టును ముందుగానే సున్న చుట్టవలెను. అట్లు చేయక, వీపు భాగము 88 తోను, ముందు భాగము 82 తోను అల్లి, ప్రక్కలు కుట్టబోయి తెల్లబోయినవారు ఒకరు కాదు.

కాగితములలో మిక్కిలి కపటమైన మాట ఒకటి కలదు. “అదే సమయమున” అను మాట. చంక తగ్గింపులు ఒక పేరా నిండ వ్రాసి, ఆ పేరా చివర “అదే సమయమున, చంక 8 సెంటీమీటర్లు కాగానే మెడ విభజింపుము” అని వ్రాయుదురు. వ్రాసినవారికి అది న్యాయముగానే తోచును. ఏలయన ఒకేసారి జరుగు రెండు పనులను కాగితముపై ఒకదాని తరువాత ఒకటిగానే గదా వ్రాయగలము! కాని క్రొత్తవారు వాక్యము చదివి, ఆ పని చేసి, మరల తరువాతి వాక్యము చదువుదురు. భుజముల వరకు అల్లిన తరువాత “అదే సమయమున” అను మాట కంటబడును. అప్పటికి జానెడు గుడ్డ విప్పవలసి వచ్చును. మేమును విప్పితిమి. కావున ఒక భాగము నంతయు మొదట కథవలె చదివివేయవలెను. అర్థము కాకున్నను చదువవలెను. చదివినపుడు అర్థము కాని వాక్యము, సూదిమీద ఆ స్థలమునకు వచ్చినపుడు తానే విడిపోవుట మేము పెక్కుమారులు చూచితిమి.

గుండీల స్వెట్టరులో మరియొక చిక్కు. ఎడమ ముందు భాగమును పూర్తిగా వివరించి, కుడి భాగమునకు “ఎడమ భాగము వలెనే, మలుపులను తారుమారు చేయుచు” అని ఒక్క ముక్కతో ముగింతురు. తారుమారు అను మాటను దాటవేసినవారికి రెండును ఎడమ భాగములే వచ్చును. చేతి తొడుగులు రెండును ఒకే చేతికి వచ్చినట్లు! ఆ ఒక్క ముక్కను విప్పి, వరుస వరుసగా ఒక కాగితముపై మనమే వ్రాసికొనుట మేలు. వరుస మొదట తగ్గింపు మన్నచోట వరుస చివర తగ్గింపవలెను; కుడివైపు వాలు తగ్గింపు ఉన్నచోట ఎడమవైపు వాలునది వేయవలెను.

ఇక బిగువు. కాగితమున అన్నిటికంటె పైన, అన్నిటికంటె చిన్న అక్షరములతో ఉండునది ఇదియే. “4 మిల్లీమీటర్ల సూదులతో, స్టాకింగు కుట్టున, 22 కుట్లు 10 సెంటీమీటర్లు” అని యుండును. దీనిని బ్రిటిషువారు టెన్షను అందురు, అమెరికావారు గేజి అందురు. డబుల్ నిట్టింగు అను మధ్యరకపు ఊలునకు సాధారణముగా ఇదియే కొలత. దీని భావమేమి? కాగితము వ్రాసిన ఆమె చేతిబిగువు ఇది యని. మన చేతిబిగువు ఆమె చేతిబిగువు కానక్కరలేదు. ఒకే బావినీరు తోడు ఇద్దరి చేతులలో చేంతాడు ఒకే తీరున బిగియునా?

మా తొలి స్వెట్టరు మా తమ్మునికి. నమూనా ముక్క అల్లి చూడుమని కాగితము చెప్పినది. ఊలు దండుగ యని మేము తలంచితిమి. ముందు భాగమునకు 100 కుట్లు, వెనుక భాగమునకు 100. కాగితపు లెక్కకు 22 కుట్లు 10 సెంటీమీటర్లు గనుక 100 కుట్లు నలుబదియైదున్నర సెంటీమీటర్లు. రెండు కలిసి 91. మా చేయి కొంచెము వదులు. 10 సెంటీమీటర్లకు మాకు వచ్చినవి 20 కుట్లే. రెండు కుట్ల భేదమే గదా యని తోచును. కాని 20 లెక్కను 100 కుట్లు 50 సెంటీమీటర్లు. రెండు కలిసి 100. ఎదకు 9 సెంటీమీటర్లు ఎక్కువ! రెండు నెలల సాయంకాలములు అందు పోయినవి. తమ్ముడు మర్యాద తెలిసినవాడు గనుక “బాగుంది అక్కయ్యా, గాలి ఆడుతోంది” అనినాడు. స్వెట్టరునకు అంతకంటె నింద యేమున్నది?

దండుగ యనుకొన్న ఆ ముక్క పదునైదు సెంటీమీటర్ల చదరము. దానిని అల్లి, స్వెట్టరును ఉతుకు తీరుననే ఉతికి, బల్ల మీద పరచి నీడన ఆరనిచ్చి, అంచులు విడిచి నడిమి 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కింపవలెను. కాగితపు లెక్కకంటె కుట్లు ఎక్కువ వచ్చిన చేయి బిగువు. లావు సూది తీసికొనవలెను. తక్కువ వచ్చిన చేయి వదులు, సన్నసూది తీసికొనవలెను. చేతిని మార్చుకొనుటకు ప్రయత్నింపరాదు. బలవంతముగా బిగించి అల్లు చేయి పది వరుసలు కాకమునుపే తన స్వభావమునకు తాను వచ్చును. ఇంగ్లండున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్మన్ 1971లో వెలువరించిన ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’ అను పుస్తకమున ఈ బిగువు సంగతికే పెద్దపీట వేసినది. మన బిగువు తెలిసి, మనిషి ఎద కొలత తెలిసినచో, ఎన్ని కుట్లు వేయవలెనో హెచ్చవేతతో మనమే తేల్చుకొనవచ్చును.

సూదుల అంకెలు మరియొక ఉచ్చు. ఇప్పటి కాగితములు మిల్లీమీటర్లలో చెప్పుచున్నవి గనుక చిక్కు తగ్గినది. పాత పుస్తకములు మాత్రము పాత అంకెలతోనే ఉన్నవి. పాత బ్రిటిషు లెక్కలో అంకె పెరిగినకొలది సూది సన్నబడును; 8వ నెంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నెంబరు మూడుంబావు. అమెరికా లెక్కలో అంకె పెరిగినకొలది సూది లావగును. వారి 8వ నెంబరు 5 మిల్లీమీటర్లు. అమ్మ పెట్టెలోని పాత 8వ నెంబరు సూదులతో, విదేశమున నున్న కూతురు పంపిన అమెరికా కాగితమును అల్లిన, మనుమరాలికి అనుకొన్నది బొమ్మకు వచ్చును. మన ప్రాంతమున లంబసింగి, అరకు, ఆదిలాబాదు వంటి చోట్ల తప్ప చలి ఎన్ని దినములని కొందరు పరిహాసము చేయుదురు. కాని నేడు మన పిల్లలున్న ఊళ్లలో మంచు కురియుచున్నది; అచ్చటి కాగితములు మన ఇండ్లకు వచ్చుచున్నవి. అంకెను నమ్మక, సూదిని కొలపలకపై చూచుకొనుట మంచిది.

కొన్ని కాగితములలో మాటలకు మారు గళ్ల పటము ఉండును. ముగ్గు వేయనేర్చినవారికి ఇది మాటలకంటె సుకరము. క్రిందినుండి మీదికి చదువవలెను. గుడ్డయు అట్లే పెరుగును గదా! ముఖము వైపు వరుసలను కుడినుండి ఎడమకు, వీపు వైపు వరుసలను ఎడమనుండి కుడికి. పొలమున నాగలి చాలు తిరిగినట్లు. వట్టి గడి ముఖము వైపు సూటి కుట్టు, వీపు వైపు తిరుగు కుట్టు. పటము ఎల్లప్పుడును ముఖమునే చూపునని గుర్తుంచుకొన్న చాలును. గుండ్రని సూదితో చుట్టుగా అల్లునపుడు త్రిప్పుట లేదు గనుక అన్ని వరుసలును కుడినుండియే.

ఇంకొక సంగతి చెప్పుటకు కొంత జంకు కలదు గాని, చెప్పక తప్పదు. కాగితమే తప్పు కావచ్చును. అచ్చులో నక్షత్రమొకటి జారిపోవచ్చును, 6 ఉండవలసిన చోట 9 పడవచ్చును. ఒకమారు మేము ఒక ఆకు నమూనాను నాలుగు మారులు అల్లి నాలుగు మారులు విప్పితిమి. ప్రతిసారి చివర రెండు కుట్లు మిగులుచున్నవి. మా బుద్ధిమాంద్య మనుకొంటిమి. ఐదవమారు విసిగి పెన్సిలు తీసికొని, ఆ వరుసలోని అంకెలను కూడి చూచితిమి. పెంపు మూడు, తగ్గింపు ఒకటి. కుట్లు మిగులక ఏమి చేయును? తగ్గింపు గుర్తు రెండు చోట్ల అచ్చులో ఎగిరిపోయినది. దానిని వ్రాసి చేర్చగా ఆకు చక్కగా వచ్చినది. క్రొత్తవారు తప్పు తమదే యని తలవంచుకొని సూదులు అటకెక్కింతురు. రెండుమారులు శ్రద్ధతో అల్లినను లెక్క కుదరనిచో మూడవమారు విప్పుటకు ముందు కాగితమును కూడి చూడవలెను. కూడిక ఇంగ్లీషు కాదు, మనకు వచ్చును.

మా వీధిలో అరువదియైదేండ్ల పెద్దమ్మగా రొకరు కలరు. ఇంగ్లీషు అక్షరములు రావు. రైలులో ఎదుటి బల్లపై కూర్చున్నవారి స్వెట్టరు చూచి, దిగులోపల దాని నమూనా పట్టగల చేయి. కాని చేతులకు, మెడకు కొలతలు తెలియక, కాగితముల ముందు మాత్రము ఆమెయు ఆగిపోయెడిది. ఒక వేసవిలో మనుమరాలిని కూర్చుండబెట్టి కాగితమును ఒకమారు పైకి చదివించుకొన్నది. మనుమరాలు “కె రెండు, పి రెండు” అని చదువుచుండగా ఆమె రూళ్ల పుస్తకమున తన లిపిలో వ్రాసికొన్నది: సూ 2, తి 2. రెండు కలిపినదానికి ‘జో’ అని పెట్టినది, జోడు గనుక. చుట్టునకు ‘చు’. పల్లవి గుర్తునకు నక్షత్రము మాని ముగ్గుచుక్క పెట్టినది. ఒక్కొక్క వరుస చివర కుట్ల నిలువ. ఆ పుస్తకములో ఇప్పుడు పదునొకండు స్వెట్టరులున్నవి. వానిలో రెండు మేము ఎరువు తెచ్చుకొని అల్లితిమి. ‘జో’ వచ్చినచోట మొదట కొంచెము తడబడితిమి గాని, పుస్తకము మొదటి పుటలోనే ఆమె పట్టిక వ్రాసి పెట్టినది.